పిల్లల ఆటలకు మొదటి డీఎస్ఎల్ఆర్: గ్రౌండు చూసి లెన్సు, లెన్సు చూసి బాడీ

కెమెరా షాపుకి వెళ్లే ముందు ఒకసారి పిల్లలు ఆడే చోటికి వెళ్లి రెండు సంగతులు కనుక్కుని రావాలి. మనల్ని నిలబడనిచ్చే చోటు నుంచి ఆట జరిగే చోటుకి ఎన్ని మీటర్లు? ఆట వేళకి అక్కడ వెలుతురు ఎంత? ఇవి తెలిస్తే ఏ లెన్సు కావాలో తేలిపోతుంది. లెన్సు తేలాక బాడీ (లెన్సు లేని కెమెరా) ఎంచుకోవడం పెద్ద పని కాదు.

మన ఇళ్లలో జరిగేది దీనికి తలకిందులు. పండగ ఆఫర్లో బాడీ వస్తుంది, దాంతోపాటే 18-55 కిట్ లెన్సు వస్తుంది. పుట్టినరోజు ఫొటోలు బాగా వస్తాయి, తిరుపతి ప్రయాణం ఫొటోలూ బాగా వస్తాయి. ఆ తర్వాత ఇంటర్ స్కూల్ క్రికెట్ మ్యాచ్‌లో పిల్లవాడు గోరంత పడతాడు. షటిల్ కోర్టులో అయితే ముఖం ఉండాల్సిన చోట ఒక మసక మరక ఉంటుంది. కెమెరా మంచిది కాదేమో అనుకుని ఇంకాస్త ఖరీదైన బాడీకి మారితే, అదే 18-55తో అదే మరక ఇంకొంచెం ఎక్కువ మెగాపిక్సెళ్లలో వస్తుంది.

దూరం లెక్క

మొదటి కెమెరాగా కొనే డీఎస్ఎల్ఆర్‌లు దాదాపు అన్నీ ఏపీఎస్-సీ అనే సైజు సెన్సర్‌వే (సెన్సర్ అంటే ఫిల్ము స్థానంలో వెలుతురు పట్టే పలక). ఆ సెన్సర్ ఎత్తు సుమారు 15 ఎంఎం. కెమెరాను అడ్డంగా పట్టుకుంటే ఫ్రేములో ఎంత ఎత్తు పడుతుందో తెలియాలంటే దూరాన్ని 15తో గుణించి ఫోకల్ లెంగ్త్‌తో (లెన్సు మీద ఎంఎంలలో రాసి ఉండే అంకె) భాగిస్తే చాలు. 55 ఎంఎం దగ్గర, 60 మీటర్ల దూరం నుంచి తీస్తే 16 మీటర్ల ఎత్తు పడుతుంది. అంటే ఐదంతస్తుల అపార్ట్‌మెంటు మొత్తం ఫ్రేములోకి వచ్చి, దాని గేటు దగ్గర పిల్లవాడు నిలబడినట్టు. అదే దూరం నుంచి 250 ఎంఎంతో 3.6 మీటర్లు పడుతుంది. పదేళ్ల పిల్ల ఫ్రేము ఎత్తులో మూడో వంతుకు పైగా ఉంటుంది. అది చాలు. 24 మెగాపిక్సెల్ ఫొటో 6000 × 4000 చుక్కలు. వెడల్పులో సగం, ఎత్తులో సగం కత్తిరించి పారేసినా 3000 × 2000 మిగులుతుంది. 300 డీపీఐలో 10 అంగుళాల వెడల్పు ప్రింటుకి అది సరిపోతుంది. వాట్సాప్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు.

కాబట్టి క్రికెట్, ఫుట్‌బాల్, పరుగు పందేలకు 250 లేదా 300 ఎంఎం దాకా వెళ్లే జూమ్ కావాలి. స్కూలు గ్రౌండులో బౌండరీ 40, 50 మీటర్లే ఉంటుంది కాబట్టి 250 ఇంకా సుఖం. 200 ఎంఎంతో సరిపెట్టుకోవచ్చు గానీ 135తో కుదరదు. 18-135 లెన్సు ఇంటికి మంచిదే, గ్రౌండుకి పొట్టి.

ఇండోర్ ఆటల్లో దూరం అసలు సమస్యే కాదు. షటిల్ కోర్టు పొడవు 13.4 మీటర్లు, వెడల్పు 6.1. పక్కన కూర్చుంటే ఆటగాడు 4 నుంచి 8 మీటర్లలో ఉంటాడు. వెనక గోడ దగ్గర నిలబడితే నెట్ అవతల మనవైపు తిరిగి ఆడే పిల్ల 10, 11 మీటర్లలో ఉంటుంది. 85 ఎంఎం లెన్సుతో 11 మీటర్ల దగ్గర 1.9 మీటర్ల ఎత్తు పడుతుంది: పిల్ల, పైన కాస్త ఖాళీ. కబడ్డీ కోర్టూ అంతే, మగవాళ్లది 13 × 10 మీటర్లు. గీత పక్కన కింద కూర్చుంటే 50 ఎంఎం చాలు, 85 అయితే ముఖాలు దగ్గరగా వస్తాయి.

వెలుతురు ఇంకా కఠినమైన లెక్క

ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది. ఐఎస్ఓ పెంచితే తక్కువ వెలుతురులోనూ ఫొటో పడుతుంది, కానీ రవ్వ పెరుగుతుంది. షట్టర్ అంకె అది ఎంతసేపు తెరుచుకుంటుందో సెకనులో వంతుగా చెబుతుంది. ఎండలో ఏ లెన్సైనా పనిచేస్తుంది. మంచి ఎండలో ఎఫ్/5.6, ఐఎస్ఓ 200 పెడితే షట్టర్ 1/1600 వస్తుంది. బ్యాటు ఊపు ఆగిపోతుంది. చవక జూమ్‌లకు ఇదే స్వర్గం. సాయంత్రం ఐదున్నర దాటాక పరిస్థితి నిమిష నిమిషానికీ మారుతుంది. నీడలో మూడు స్టాపులు పోతాయి (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది), ఐఎస్ఓ 1600 అవుతుంది. సూర్యుడు దిగాక 6400కి చేరుతుంది, అప్పటికీ 1/500 అందడం కష్టం.

హాలులోకి వస్తే సంగతి వేరే. కంటికి హాలు వెలిగిపోతున్నట్టే ఉంటుంది, కానీ కన్ను సర్దుకుంటుంది, సెన్సర్ సర్దుకోదు. మామూలు షటిల్ హాలులో 1/500 సెకను కావాలంటే ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓ 6400 కావాలి. కొంచెం మసక హాలైతే 12800. మొదటి స్థాయి బాడీల్లో 12800 అంటే ముఖం మీద బియ్యపు రవ్వ చల్లినట్టు ఉంటుంది. అదే చోట ఎఫ్/1.8 లెన్సు పెడితే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది, ఐఎస్ఓ 640 నుంచి 1250 మధ్యలో పని అయిపోతుంది. పది వేల రూపాయల చుట్టుపక్కల దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు, ఈ ఒక్క విషయంలో దానికి పది రెట్ల ఖరీదు చేసే బాడీ చేయలేని పని చేస్తుంది.

ఇక్కడ అందరూ పడే పొరపాటు ఒకటుంది. లెన్సు మీద ఐఎస్ అనో వీఆర్ అనో చూసి, ‘షేక్ కాదు’ అన్న సేల్స్‌మన్ మాట నమ్మి, దాంతో ఆటలు తీయొచ్చనుకుంటారు. అది ఆపేది మన చేతుల వణుకును మాత్రమే. పరుగెత్తే పిల్లను ఆపగలిగేది షట్టర్ స్పీడ్ ఒక్కటే. వెనక గోడ మీద రాసిన అక్షరాలు స్పష్టంగా ఉండి, పిల్ల చేతులు మసకగా ఉంటే తప్పు షట్టర్‌ది. మొత్తం ఫొటో ఒకే దిశలో సాగినట్టు ఉంటే అది చేతి వణుకు. పిల్ల మసకగా ఉండి వెనక నెట్టో కుర్చీలో కూర్చున్నవాళ్లో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. పాడైన ఫొటో చూసి ఈ మూడింటిలో ఏదో చెప్పగలిగితే, తర్వాత ఏం కొనాలో, అసలు కొనాలో వద్దో కూడా తెలుస్తుంది.

ఫ్లాష్ గురించి ఆలోచించే పనే లేదు. ఆడేవాళ్ల కళ్లలో పడుతుంది, చాలా టోర్నీల్లో ఒప్పుకోరు. కెమెరా మీది చిన్న ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటదు. పైగా అది లేపగానే షట్టర్ 1/200 దగ్గర ఆగిపోతుంది.

పేర్లలో దాగిన తేడాలు

ఒకేలా కనిపించే రెండు లెన్సుల పేర్లలో ఒకటి రెండు అక్షరాల తేడా ఉంటుంది. డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా అక్కడే.

కెనాన్‌లో 55-250 మూడు రకాలు. పేరు చివర ఉత్త ‘ఐఎస్’ అని, ‘ఐఎస్ 2’ అని ఉన్నవి పాతవి, ఫోకస్ మోటారు నెమ్మది, గరగరమంటుంది. ‘ఐఎస్ ఎస్‌టీఎం’ అని ఉన్నది కొత్తది. ఫోకస్ చురుకు, అంచుల దాకా స్పష్టత, బరువు 375 గ్రాములే. ఎండలో పిల్లల ఆటలకు ఇంత ధరలో దీన్ని మించిన కెనాన్ లెన్సు లేదు. 75-300 అని ఇంకోటి దొరుకుతుంది, 300 అంకె చూసి మోసపోకూడదు. అందులో చేతి వణుకు ఆపే స్టెబిలైజేషన్ లేదు, మోటారు నెమ్మది, 300 దగ్గర స్పష్టత తక్కువ. ఎవరైనా కాంబోలో ఉచితంగా ఇస్తామన్నా ఆ కాంబో వద్దనడమే మేలు.

నికాన్‌లో చిక్కు మోటారుది. డి3500, డి5600 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు, అది లెన్సులోనే ఉండాలి. 50 ఎంఎం ఎఫ్/1.8డి లెన్సు చవగ్గా దొరుకుతుంది, కానీ దాంట్లో మోటారు లేదు. డి3500కి బిగిస్తే చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవాలి, పరుగెత్తే పిల్ల మీద అది జరిగే పని కాదు. కొనాల్సింది ‘ఎఫ్/1.8జి’. డి7200, డి7500, డి500 బాడీల్లో మోటారు ఉంది కనుక పాత డి లెన్సులూ పనిచేస్తాయి. మరో మెలిక ఏఎఫ్-పీ లెన్సులది. 70-300 ఏఎఫ్-పీ చాలా చురుకైన లెన్సు, కానీ డి90, డి3100, డి5100 లాంటి పాత బాడీల మీద ఆటోఫోకస్ చేయదు. అన్నయ్య ఇచ్చిన పాత బాడీకి కొత్త లెన్సు కొనేవాళ్లు ఇది ముందే సరిచూసుకోవాలి. ఈ లెన్సు వీఆర్ ఉన్నదీ, లేనిదీ రెండూ అమ్ముతారు. పెట్టె మీద ఆ రెండక్షరాలు ఉన్నాయో లేదో చూడాలి.

18-300 లాంటి ‘ఒక్క లెన్సుతో అన్నీ’ రకాలు ప్రయాణాలకు సరే. ఆటలకు మాత్రం అవి చీకటిగా ఉంటాయి, ఫోకస్ వెతుక్కుంటూ ఉంటాయి. లెన్సు ముందు తిప్పి బిగించే 2ఎక్స్ అద్దాలు దండగ. లెన్సుకీ బాడీకీ మధ్య పెట్టే అసలైన టెలీకన్వర్టర్ కూడా ఎఫ్/5.6 జూమ్ వెనక పెడితే ఎఫ్/8 లేదా ఎఫ్/11 అయిపోతుంది, చాలా బాడీల్లో ఫోకస్ పనిచేయడం మానేస్తుంది.

70-200 ఎఫ్/2.8 గురించి ఒక మాట. పేపర్ ఫొటోగ్రాఫర్లందరి చేతిలో అదే ఉంటుంది కాబట్టి దాని మీద మోజు సహజం. ఎఫ్/5.6 కంటే నాలుగు రెట్ల వెలుతురు, గ్రౌండుకీ హాలుకీ రెండింటికీ పనికొస్తుంది. కానీ బరువు కిలోన్నర. రెండు గంటల మ్యాచ్‌లో దాన్ని ఎత్తి పట్టుకున్న వాళ్లకి భుజాలు చెబుతాయి. మొదటి లెన్సుగా అది కొననక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్లకు లెన్సులు రోజు అద్దెకిచ్చే షాపులున్నాయి. ఫైనల్ మ్యాచ్ రోజుకి అక్కడ తెచ్చుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు బాడీ

ముందు ఒక వాస్తవం. కెనాన్, నికాన్ రెండూ 2020 తర్వాత కొత్త డీఎస్ఎల్ఆర్ మోడల్ తేలేదు. వాటి దృష్టంతా మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కెమెరాలు) మీదే. అంటే ఇవాళ డీఎస్ఎల్ఆర్ కొనడం అంటే ఎక్కువగా సెకండ్ హ్యాండ్ కొనడమే. ఇది లోటు కాదు, అవకాశం. నాలుగేళ్ల క్రితం మోజు పడ్డా అందని బాడీలు ఇప్పుడు కొత్త చిన్న బాడీ ధరకే దొరుకుతున్నాయి.

ఆటలకు బాడీలో చూడాల్సింది ఫోకస్ పాయింట్లు (ఫ్రేములో కెమెరా ఫోకస్ పట్టగల చోట్లు), సెకనుకి ఎన్ని ఫ్రేములు, ఈ రెండే. కెనాన్ 1500డిలో 9 పాయింట్లు, సెకనుకి 3 ఫ్రేములు. 200డి మార్క్ 2లో వ్యూఫైండర్‌లో అవే 9, ఫ్రేములు 5. వెనక స్క్రీన్ చూస్తూ తీస్తే దీని ఫోకస్ చాలా తెలివైనది, కానీ మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ స్క్రీన్ కనపడితే కదా. నికాన్ డి3500లో 11 పాయింట్లు, 5 ఫ్రేములు. పై మెట్టు ఎక్కితే కెనాన్ 80డి: 45 పాయింట్లు, 7 ఫ్రేములు. నికాన్ డి7200: 51 పాయింట్లు, 6 ఫ్రేములు, డి7500లో 8. ఆటల కోసమే చేసిన 7డి మార్క్ 2, డి500 రెండూ సెకనుకి 10 ఫ్రేములు తీస్తాయి, ఫోకస్ పాయింట్లు వరసగా 65, 153.

ఫ్రేముల అంకె అసలు ఏం చెబుతుందో దగ్గర్నుంచి చూడాలి. అండర్-14 పిల్లవాడు గంటకి 70 కిలోమీటర్ల వేగంతో బంతి వేశాడనుకుందాం. అది సెకనుకి 19 మీటర్లు పోతుంది. సెకనుకి 3 ఫ్రేముల కెమెరాలో ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య బంతి ఆరున్నర మీటర్లు ప్రయాణిస్తుంది: ఒకదాంట్లో పిచ్ మీద టప్పా పడుతూ ఉంటుంది, తర్వాతిదాంట్లో కీపర్ గ్లవ్‌లో ఉంటుంది. 10 ఫ్రేములైనా మధ్యలో 1.9 మీటర్ల ఖాళీ ఉంటుంది. అందుకే బంతి బ్యాటుకి తగిలే క్షణం ఏ బాడీలోనూ దానంతట అది దొరకదు. బ్యాటు వెనక్కి లేచి కిందికి దిగడం మొదలవగానే నొక్కాలి. ఆ అలవాటు వచ్చాక 5 ఫ్రేముల కెమెరా చాలు. అది రాకుండా పదీ చాలవు, కార్డు మాత్రం నిండుతుంది.

ఫోకస్ పాయింట్ల విషయం అలా కాదు, అది నిజంగా తేడా తెస్తుంది. 1500డిలో నమ్మకమైనది మధ్య పాయింటు ఒక్కటే. దాంతో తీయొచ్చు: పిల్లను ఫ్రేము మధ్యలో పెట్టి, తర్వాత కత్తిరించుకోవాలి. 85 ఎంఎం ఎఫ్/1.8తో 8 మీటర్ల దూరంలో స్పష్టంగా ఉండే లోతు 60 సెంటీమీటర్లే. పిల్ల ఒక్క అడుగు ముందుకేస్తే ముఖం ఆ అరలోంచి బయటికి వచ్చేస్తుంది. అక్కడ 80డి, డి7200 తరగతి ఫోకస్ ఉన్నవాళ్లకి పది ఫొటోల్లో ఏడెనిమిది దక్కుతాయి, కింది తరగతివాళ్లు నాలుగింటితో సంతోషించాలి. కాబట్టి షటిల్, కబడ్డీ, బాస్కెట్‌బాల్ ఇళ్లవాళ్లు సెకండ్ హ్యాండ్ 80డి లేదా డి7200, దానికి 85 ఎంఎం ఎఫ్/1.8. గ్రౌండు ఆటలవాళ్లకి అదే బాడీ, కెనాన్ అయితే 55-250 ఎస్‌టీఎం, నికాన్ అయితే 70-300. బడ్జెట్ ఇంకా తగ్గితే బాడీ తగ్గించుకోవాలి గానీ లెన్సు కాదు.

మిర్రర్‌లెస్ సంగతేమిటంటారా? అంతా కొత్తదే, బిల్లుతో, వారంటీతో కావాలంటే కెనాన్ ఆర్50, ఆర్10, నికాన్ జెడ్50 మార్క్ 2 లాంటివి మంచివే. కంటిని పట్టుకుని వదలని ఫోకస్ వాటిది. చిక్కు లెన్సుల దగ్గరే. ఆర్50తో వచ్చే 55-210 లెన్సు చివర ఎఫ్/7.1, హాలులో అది చీకటే. ఎడాప్టర్‌తో కెనాన్ డీఎస్ఎల్ఆర్‌ల ఈఎఫ్ లెన్సులు కెనాన్ మిర్రర్‌లెస్ బాడీల మీద పూర్తి ఆటోఫోకస్‌తో పనిచేస్తాయి కనుక ఇవాళ కొన్న 85 ఎంఎం రేపు వృథా పోదు. నికాన్‌వారి ఎఫ్‌టీజెడ్ ఎడాప్టర్‌లో మోటారు లేదు, పాత డి లెన్సులకు ఆటోఫోకస్ ఉండదు. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో వేగంగా ఊగే బ్యాటు అరటి కాయలా వంగి పడుతుంది. ఆటలకు మెకానికల్ షట్టరే పెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్ చూసేటప్పుడు

మన దగ్గర అమ్మకానికొచ్చే బాడీల్లో చాలావరకు పెళ్లిళ్లు చూసినవే. ఒక్కో పెళ్లికి మూడు నాలుగు వేల క్లిక్కులు పడతాయి. షట్టర్‌కి కంపెనీ చెప్పే ఆయుష్షు 80డికి లక్ష, డి7500కి లక్షన్నర, 7డి మార్క్ 2కీ డి500కీ రెండేసి లక్షలు. ఇప్పటిదాకా ఎన్ని క్లిక్కులు పడ్డాయో నికాన్‌లో తాజాగా తీసిన జేపీజీ ఫైలులోనే దొరుకుతుంది. కెనాన్ ఫైలులో ఉండదు, కంప్యూటర్‌కి కలిపి చూడాలి. అమ్మేవాడు వద్దంటే లేచి రావాలి.

తర్వాత లెన్సు. మూత తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి చూడాలి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు ఊళ్లలో వాడిన లెన్సుల్లో ఇది మామూలు. దుమ్ము చుక్కలు రెండు మూడున్నా ఫరవాలేదు. దారాలుంటే ధర సగమైనా వద్దు. ఎఫ్/16 పెట్టి ఆకాశం తీసి, పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది నూనె చుక్కలు బయటపడతాయి. చివరిది, అందరూ మరిచేది: పిల్లనో, తోడొచ్చిన మనిషినో ఎదురుగా పరుగెత్తించి వరసగా ఇరవై ఫొటోలు తీయాలి. ఇరవైలోనూ ఫోకస్ ఒకే తీరుగా ముఖం వెనక పడుతుంటే అది లెన్సుకీ బాడీకీ పొత్తు కుదరని లక్షణం కావచ్చు. 80డి, డి7200 తరగతి బాడీల మెనూలో దాన్ని సరిచేసుకునే ఏర్పాటు ఉంది, చిన్న బాడీల్లో లేదు.

గ్రౌండులో

కొన్న మొదటి రోజే పెట్టుకోవాల్సిన సెట్టింగులు కొన్నే. మోడ్ ఎం (మాన్యువల్), షట్టర్ 1/1000 (హాలులో 1/500), అపర్చర్ లెన్సుకి ఎంత తెరుచుకుంటే అంత, ఐఎస్ఓ ఆటోలో. కదిలేవాళ్లను వెంటాడే ఫోకస్: కెనాన్‌లో ఏఐ సర్వో, నికాన్‌లో ఏఎఫ్-సి. తెల్ల క్రికెట్ దుస్తులు ఫ్రేమంతా నిండితే మీటర్ మోసపోయి ముఖం నల్లగా వస్తుంది; ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌తో (కెమెరా వెలుతురు లెక్కను పెంచి తగ్గించే ఏర్పాటు) 2/3 స్టాపు పెంచాలి. కొన్ని మోడళ్లలో ఎం మోడ్, ఆటో ఐఎస్ఓ కలిపినప్పుడు అది కుదరదు; అప్పుడు ఐఎస్ఓ చేత్తో పెట్టుకోవడమే.

షటిల్‌లో నెట్ వెనక పిల్లను తీస్తుంటే ఫోకస్ నెట్ దారాల మీద పడుతుంది. ఒక్క పాయింటే ఎంచుకుని, నెట్ పైన కనిపించే ముఖం మీద పెడితే ఆ బెడద తగ్గుతుంది. వరస ఫొటోల్లో ఒకటి పసుపుగా, ఒకటి చీకటిగా వస్తుంటే కెమెరా పాడవలేదు. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబులూ చవక ఎల్ఈడీలూ సెకనుకి వందసార్లు మినుకుతాయి. 80డి, 7డి మార్క్ 2, డి7500, డి500లలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే అది బాగా తగ్గుతుంది. లేని బాడీల్లో షట్టర్‌ను 1/100కి దించి, ఎగిరి ఆగిన క్షణం కోసం కాచుకోవాలి. ఎగిరినవాళ్లు పైన ఒక్క లిప్త ఆగినట్టే ఉంటారు.

సంక్రాంతి కబడ్డీ పోటీల దగ్గర ఎర్రమట్టి లేస్తుంటే లెన్సు మార్చకూడదు. ఇంటి దగ్గరే బిగించుకుని వెళ్లాలి, ఇంటికొచ్చాకే విప్పాలి. తోలు బ్యాగులో కెమెరా దాస్తే తేమ దాంతోపాటే ఉండిపోతుంది. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెడితే చాలు, గింజల రంగు మారినప్పుడు వాటిని వేయించి మళ్లీ వాడుకోవచ్చు.

క్రికెట్‌లో నిలబడే చోటు ముఖ్యం. బౌలర్ చేతి వెనక నిలబడితే అంపైర్ అరుస్తాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కి పాయింట్ వైపు నిలబడితే ముఖం మనవైపు ఉంటుంది, స్క్వేర్ లెగ్ నుంచి వీపే కనిపిస్తుంది. 11 నుంచి 3 దాకా ఎండ నడినెత్తిన ఉంటుంది, హెల్మెట్ కింద ముఖం నీడలో కలిసిపోతుంది. ఉదయం 9 లోపు, ఎండ మన వీపు మీద పడేలా నిలబడితే, అదే 55-250 హెల్మెట్ కడ్డీల వెనక కళ్లని కూడా చూపిస్తుంది.